ఆఫ్రికా, దక్షిణ అమెరికా నుంచి వచ్చాక లేచిన గడ్డలో ఈగ పురుగు ఉందా? చూసుకోవడం ఎలా, తీయించుకోవడం ఎలా

విజయవాడ సూర్యారావుపేటలో ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. చుట్టూ ఆసుపత్రులే కాబట్టి రకరకాల చీటీలు చూస్తుంటాను. కానీ చీటీ లేకుండా, ఫోనులో ఫొటో చూపించి అడిగే ప్రశ్న ఒకటి మళ్లీ మళ్లీ వస్తోంది. "నైజీరియాలో పనిచేసే మా తమ్ముడు సెలవులకు వచ్చాడండీ. నడుము చుట్టూ గడ్డలు లేచాయి. యాంటీబయాటిక్ వాడినా తగ్గడం లేదు, లోపల ఏదో కదులుతోందంటున్నాడు. ఏ మందు ఇస్తారు?" గుంటూరు నుంచి వచ్చేవారి ప్రశ్న ఇంకో రకం. అమెరికాలో ఉన్న అమ్మాయి కోస్టారికా విహారానికి వెళ్లొచ్చింది, తల మీద గడ్డ లేచింది, అక్కడ డాక్టరు అపాయింట్‌మెంట్ దొరకడానికి సమయం పడుతుంది, ఈలోగా ఏం చేయాలని అమ్మానాన్నలు అడుగుతారు.

ఇద్దరికీ నేను చెప్పేది ఒకటే. కౌంటరు మీద ఇచ్చే మాత్రతో ఇది పోదు. లోపల ఉన్నది ఈగ పిల్లపురుగు అయితే అది ముక్క కాకుండా, మొత్తంగా బయటికి రావాలి. ఎలా తీయాలన్నది మీరు ఏ దేశం నుంచి వచ్చారన్న దాన్ని బట్టి ఉంటుంది. అందుకే గడ్డను చూడకముందే నేను ప్రయాణం గురించి అడుగుతాను. మీరూ డాక్టరుకు మొదట చెప్పవలసింది అదే.

తెలుసుకోవలసిన కొంచెం సంగతి

ప్రయాణికుల చర్మంలోకి దూరే ఈగల్లో ముఖ్యమైనవి రెండు.

ఒకటి సహారా ఎడారికి దక్షిణాన ఉన్న ఆఫ్రికా దేశాల్లోని టుంబు ఈగ. శాస్త్రీయ నామం కార్డిలోబియా ఆంత్రోపోఫాగా. అక్కడ స్థిరపడిన మనవాళ్లు దీన్ని మ్యాంగో ఫ్లై అంటారు. ఇది మనిషి మీద వాలి గుడ్లు పెట్టదు. నీడపట్టున ఉన్న ఇసుక నేలలోనూ, ఆరేసిన తడి బట్టల మీదా పెడుతుంది. చెమట, మూత్రం వాసన ఉన్న బట్టలంటే దానికి మరీ ఇష్టం. ఒక్క ఈగ 100 నుంచి 300 దాకా గుడ్లు పెడుతుంది. ఒకటి నుంచి మూడు రోజుల్లో అవి పిల్లలై, మనిషి ఒంటి వేడి తగలగానే గాయం లేని చర్మంలోకి కూడా దూరిపోతాయి. అందుకే ఈ గడ్డలు బట్టల కింద వస్తాయి. నడుము, వీపు, పిరుదులు, తొడలు, చంకలు, లంగా నాడా కట్టే చోటు, బనియను అంచు తగిలే చోటు చూడండి. ఒకేసారి నాలుగైదు కనిపించడం మామూలే. పురుగు లోపల ఉండేది 8 నుంచి 12 రోజులు.

రెండోది మెక్సికో నుంచి అర్జెంటీనా ఉత్తర భాగం దాకా ఉన్న బాట్ ఫ్లై. శాస్త్రీయ నామం డెర్మటోబియా హోమినిస్. ఇది ఒక దోమనో, రక్తం పీల్చే మరో ఈగనో పట్టుకుని దాని పొట్టకు తన గుడ్లు అంటిస్తుంది. ఆ దోమ మిమ్మల్ని కుట్టినప్పుడు పిల్లపురుగు ఆ గాటులోంచి లోపలికి వెళుతుంది. కాబట్టి తల, ముఖం, మెడ, చేతులు, కాళ్లు వంటి బయటికి కనిపించే చోట్ల గడ్డ వస్తుంది. చాలాసార్లు ఒకటే ఉంటుంది. ఇది 5 నుంచి 12 వారాలు లోపల ఉండగలదు. మెడ సన్నగా, పొట్ట లావుగా కూజాలా ఉంటుంది. ఒంటి చుట్టూ వరసలుగా వెనక్కి వాలిన ముళ్లు ఉంటాయి. పట్టి లాగితే ఆ ముళ్లు చర్మంలో ఇంకా బిగుసుకుంటాయి.

ఆఫ్రికా పురుగును జాగ్రత్తగా ఉంటే ఇంట్లో బయటికి రప్పించవచ్చు. బాట్ ఫ్లై పురుగును మాత్రం డాక్టరే తీయాలి.

ఇంట్లో చేయకూడని వారు

కింద చెప్పినవాటిలో ఏ ఒక్కటి ఉన్నా ఇంటి ప్రయత్నం వద్దు. నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్లండి.

- జ్వరం ఉంటే. ఈగ పురుగుల వల్ల సాధారణంగా జ్వరం రాదు. ఆఫ్రికా నుంచి వచ్చిన మనిషికి జ్వరం వస్తే ముందు గుర్తుకు రావలసింది మలేరియా. అది కొద్ది రోజుల్లోనే ప్రాణం మీదికి తేగలదు. గడ్డ సంగతి పక్కనపెట్టి ఆ రోజే రక్తపరీక్ష చేయించండి. రాత్రయినా సరే, తెల్లవారేదాకా ఆగవద్దు.
- గడ్డ కంటి రెప్ప మీద, కంటి దగ్గర, ముక్కులో, చెవిలో, మర్మాంగాల మీద, రొమ్ము మీద ఉంటే.
- పసిపిల్లల తల మీద, ముఖ్యంగా మాడు మీద ఉంటే.
- షుగరు ఉన్నవారికి, గర్భిణులకు, స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నవారికి.
- గడ్డ చుట్టూ ఎరుపు రోజురోజుకూ పాకుతుంటే, చీము చిక్కగా కారుతుంటే, గజ్జల్లో గానీ చంకల్లో గానీ బిళ్లలు కడితే.
- ప్రయాణం మెక్సికోకు గానీ, మధ్య, దక్షిణ అమెరికాలకు గానీ అయితే.

పాత పుండులో కుప్పగా పురుగులు కనబడితే అది పూర్తిగా వేరే విషయం. షుగరు పుండ్లు ఉన్న పెద్దవాళ్లలో, మంచం పట్టినవాళ్లలో మన ఊళ్లలోనే అది జరుగుతుంది, దానికి ప్రయాణంతో పనిలేదు. ఆ ఈగ పురుగులు బతికున్న కండనే తింటాయి, కంపు కొడుతుంది. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మధ్య అమెరికాలోనూ ఇలాంటి ఈగ ఒకటి ఉంది, పేరు స్క్రూవార్మ్. 2023 నుంచి అది మళ్లీ పనామా నుంచి ఉత్తరానికి పాకుతూ మెక్సికో చేరింది. ఎల్ సాల్వడార్ వెళ్లొచ్చిన ఒక మనిషిలో అది ఉన్నట్టు 2025 ఆగస్టులో అమెరికాలో నిర్ధారించారు. అక్కడ ఉన్న మీ పిల్లలు ఆ దేశాలకు వెళ్లేటప్పుడు చిన్న గాయాన్నయినా కప్పి ఉంచుకోమని చెప్పండి.

కావలసినవి

వాసన, రంగు లేని తెల్ల వాజెలిన్, గాజుగుడ్డ, అంటించే టేపు, వాడిపారేసే చేతితొడుగులు, సబ్బు, కాచి చల్లార్చిన నీళ్లు, టార్చి, భూతద్దం, కొన మొద్దుగా ఉన్న ట్వీజర్, బీటాడిన్ ద్రావణం, మూత బిగుతుగా ఉన్న చిన్న గాజుసీసా, సర్జికల్ స్పిరిట్, వీడియో తీయడానికి ఫోను. పక్కన మరో మనిషి ఉండాలి. నడుము వెనక, పిరుదుల మీద ఉన్న గడ్డను ఎవరికి వారు సరిగా నొక్కలేరు. సూది, బ్లేడు, పిన్నీసు దగ్గర పెట్టుకోవద్దు. దగ్గరుంటే చేయి వాటి మీదికే పోతుంది.

దశలు

1. తేదీలు రాసుకోండి. ఏ దేశం, ఏ ఊరు, ఎప్పుడు బయలుదేరారు, గడ్డ ఎప్పుడు మొదలైంది అన్నవి ఒక కాగితం మీద రాయండి. ఆఫ్రికా నుంచి వచ్చి రెండు నెలలయ్యాక మొదటిసారి గడ్డ లేస్తే అది టుంబు పురుగు కావడం దాదాపు అసాధ్యం. మూడు నాలుగు వారాల లోపయితే అనుమానించాలి. మెక్సికో, బెలీజ్, కోస్టారికా, బ్రెజిల్ వంటి చోట్ల నుంచి వచ్చినవారికి ఈ గడువు మూడు నెలల దాకా ఉంటుంది. ఈ దేశాలకు వెళ్లనివారికి, ఆఫ్రికా నుంచి వచ్చిన బట్టలు వాడనివారికి ఈ రెండు పురుగులూ దాదాపు రావు. వాళ్లకు లేచింది చాలావరకు మామూలు గడ్డే అయి ఉంటుంది.

2. సెగగడ్డా, పురుగు గడ్డా తేల్చుకోండి. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. సెలవులకు వచ్చేవాళ్లు ఎక్కువగా ఏప్రిల్, మే నెలల్లో వస్తారు. అప్పుడు ఇంటినిండా మామిడిపళ్లు ఉంటాయి. గడ్డ కనిపించగానే పెద్దవాళ్లు "వేడి చేసింది, పళ్లు తగ్గించు" అనేస్తారు. పది రోజులు అలాగే గడిచిపోతాయి.

సెగగడ్డ మొదట గట్టిగా, ఎర్రగా లేచి, రోజురోజుకూ నొప్పి పెరిగి, తల పసుపుపచ్చగా పండి, చీము కారి, తగ్గిపోతుంది. పురుగు గడ్డకు మొదటి నుంచీ నడిమధ్యన చిన్న బెజ్జం ఉంటుంది. అందులోంచి చిక్కటి చీము కాకుండా పల్చటి రసి, ఒక్కోసారి లేత ఎరుపు నీరు కారుతుంది. బట్టకు చిన్న మరకలు అంటుకుంటాయి. నొప్పి ఎప్పుడూ ఒకేలా ఉండదు. ఉన్నట్టుండి సూదితో పొడిచినట్టు వచ్చి ఆగిపోతుంది, రాత్రిళ్లు ఎక్కువవుతుంది. లోపల కదలిక తెలుస్తుందని చాలామంది చెబుతారు. ఆ మాట విన్నప్పుడు "నీ భ్రమ" అని కొట్టిపారేయవద్దు. ఈ జబ్బులో అది అసలైన లక్షణం.

పాదాల మీద, గోళ్ల పక్కన తెల్లటి వలయం మధ్య నల్లచుక్క కనిపిస్తే అది ఇసుకలో ఉండే శాండ్ ఫ్లీ అనే గెంతే చిన్న పురుగు పని, ఈగది కాదు. చర్మం కింద ఎర్రటి గీత వంకరటింకరగా రోజుకు కొంచెం ముందుకు జరుగుతుంటే అది కొంకిపురుగు లార్వా. ఈ రెండింటికీ ఈ పద్ధతి పనికిరాదు.

3. నీటిచుక్క పరీక్ష చేయండి. చేతులు సబ్బుతో కడుక్కుని, గడ్డను కూడా మెల్లగా కడిగి అద్దండి. కాచి చల్లార్చిన నీటిచుక్క ఒకటి సరిగ్గా బెజ్జం మీద పడేలా వేయండి. టార్చి పక్కనుంచి వేసి భూతద్దంతో ఐదు నిమిషాలు కదలకుండా చూడండి. పురుగు తోక చివర ఉండే రెండు రంధ్రాలతోనే గాలి పీలుస్తుంది, అందుకే బెజ్జాన్ని మూసుకోనివ్వదు. నీళ్లు పడగానే సన్నటి బుడగలు వస్తాయి, లేదంటే ఏదో కొన పైకి వచ్చి చప్పున లోపలికి పోతుంది. ఇది జరుగుతుండగా ఫోనులో వీడియో తీయండి. డాక్టరుకు మీ మాటల కన్నా ఆ వీడియో ఎక్కువ చెబుతుంది.

ఒకసారికి ఏమీ కనబడకపోతే లేదని తీర్మానించవద్దు. కొన్ని గంటల తర్వాత మళ్లీ చూడండి. గడ్డ లేచి ఒకటి రెండు రోజులే అయితే పురుగు మరీ చిన్నది, కనబడదు.

4. గడ్డలన్నీ లెక్కపెట్టండి. ఒళ్లంతా వెలుతురులో చూడండి. ఎక్కడెక్కడ ఉన్నాయో కాగితం మీద మనిషి బొమ్మ గీసి గుర్తులు పెట్టండి. కనబడిన రెండింటిని తీసి, వెనకవైపు ఉన్న మూడోదాన్ని వదిలేస్తే "మళ్లీ వచ్చింది" అని కంగారు పడతారు. అదే ఇంట్లో ఉండి వచ్చిన భార్యాపిల్లల ఒళ్లు కూడా చూడండి. పురుగు మనిషి నుంచి మనిషికి అంటదు, కానీ ఒకే దండెం మీద ఆరిన బట్టలు అందరూ కట్టుకుని ఉంటారు.

5. వాజెలిన్‌తో బెజ్జం మూయండి. ఇది ఆఫ్రికా నుంచి వచ్చినవారికి మాత్రమే. తొడుగులు వేసుకుని బెజ్జం మీద వాజెలిన్ మందంగా పెట్టండి. పైన గాజుగుడ్డ వదులుగా ఉంచండి, బిగించి కట్టవద్దు. గాలి అందక పురుగు మెల్లగా పైకి జరుగుతుంది. అరగంటకొకసారి గాజుగుడ్డ తీసి చూడండి. కొందరిలో అరగంటలోనే తోక కనబడుతుంది, కొందరిలో కొన్ని గంటలు పడుతుంది. వాజెలిన్ కరిగి జారిపోతే మళ్లీ పెట్టండి. మన ఎండల్లో త్వరగా కరుగుతుంది కాబట్టి ఫ్యాను కింద, చల్లటి గదిలో కూర్చోవడం మంచిది.

వాజెలిన్ లేకపోతే లిక్విడ్ పారఫిన్ వాడవచ్చు. ఆముదం రాసిన తమలపాకు వేడిచేసి కట్టడం మన ఇళ్లలో పాత అలవాటు. అదీ బెజ్జాన్ని మూస్తుంది కాబట్టి పురుగు పైకి రావచ్చు. కానీ ఆకు తీసినప్పుడు పురుగు తోక ఆకుకు అంటుకుని తెగే ప్రమాదం ఉంది, వేడికి చర్మం కాలే ప్రమాదమూ ఉంది. నేను దాన్ని సూచించను.

6. పక్కలనుంచి నొక్కండి. తోక చివర రెండు నల్లచుక్కలు బెజ్జంలో స్పష్టంగా కనబడేదాకా ఆగండి. వాజెలిన్ తుడిచేయండి. రెండు బొటనవేళ్లను గడ్డ అంచులకు అటూ ఇటూ, బెజ్జానికి దూరంగా పెట్టండి. ముందు కిందికి అదమండి, ఆ తర్వాత ఒకదానివైపు ఒకటి సమానంగా తీసుకురండి. మొటిమను గిల్లినట్టు పైపైన గిల్లితే పని జరగదు. సరైన సమయంలో సరిగా నొక్కితే పురుగు మొత్తంగా బయటికి వస్తుంది. సగం బయటికి వచ్చి ఆగితే ట్వీజర్‌తో పట్టుకుని, లాగకుండా అలాగే ఉంచి, కింద నుంచి నొక్కడం కొనసాగించండి.

రెండుసార్లు ప్రయత్నించినా రాకపోతే ఆపేయండి. పురుగు ఇంకా చిన్నదై ఉండవచ్చు. గాజుగుడ్డ కప్పి మర్నాడు చూడండి, లేదా డాక్టరు దగ్గరికి వెళ్లండి. మూడోసారి బలవంతంగా నొక్కినప్పుడే చాలామందికి లోపల పురుగు చిట్లుతుంది.

7. పురుగును దాచండి. అసహ్యంతో టాయిలెట్లో పారేయకండి, కాలితో నలపకండి. ముందు మరుగుతున్నంత వేడి నీళ్లలో అర నిమిషం వేయండి, ఆ తర్వాత స్పిరిట్ ఉన్న సీసాలో పెట్టి మూత బిగించండి. బతికుండగానే స్పిరిట్‌లో వేస్తే అది నల్లబడి ముడుచుకుపోతుంది, అప్పుడు గుర్తించడం కష్టం. సీసా మీద దేశం, తేదీ, ఒంటి మీద ఏ చోటు అన్నవి రాసి అంటించండి. ఏ ఈగో తేల్చేది ఆ తోక చివరి రంధ్రాల ఆకారం. వైద్య కళాశాలల మైక్రోబయాలజీ విభాగంలో సూక్ష్మదర్శిని కింద దాన్ని చూస్తారు.

8. కడిగి కప్పండి. సబ్బునీళ్లతో కడిగి, బీటాడిన్ అద్ది, పొడి గాజుగుడ్డ వేయండి. రోజుకు రెండుసార్లు మార్చండి. టీటీ ఇంజెక్షన్ వేసుకుని 5 ఏళ్లు దాటితే మళ్లీ అవసరమా అని డాక్టరును అడగండి. చీము పట్టకపోతే యాంటీబయాటిక్ అక్కరలేదు.

ఎక్కడ చెడగొట్టుకుంటారు

పురుగు ఉందని తెలియకుండానే గడ్డ కోయించుకోవడం మొదటిది. గడ్డ కనబడగానే చీము ఉందనుకుని కోసేస్తే కత్తి పురుగును తెంపవచ్చు. సగం లోపల ఉండిపోతే ఒళ్లు దాన్ని పరాయి వస్తువుగా చూసి వాచిపోతుంది. వారాల తరబడి రసి కారుతుంది. కోసిన డాక్టరును నిందించి లాభం లేదు. ప్రయాణం సంగతి చెప్పకపోతే ఆయనకు ఈ అనుమానం రావడానికి ఆధారం ఏముంది?

బెజ్జాన్ని గాలి చొరకుండా మూసి రోజుల తరబడి వదిలేయడం రెండోది. గోళ్లరంగు, ఫెవిక్విక్ లాంటి జిగురు, ప్లాస్టరు మీద ప్లాస్టరు వేసినవాళ్లను చూశాను. పైకి వచ్చే దారే లేక పురుగు లోపలే చచ్చిపోతుంది. చచ్చిన పురుగును తీయడం బతికినదాన్ని తీయడం కన్నా కష్టం. వాజెలిన్‌ను అరగంటకొకసారి తీసి చూడమన్నది అందుకే.

టర్పెంటైన్, కిరోసిన్, ఫినాయిల్ పోయడం మూడోది. పశువుల పుండ్లలో పురుగులకు టర్పెంటైన్ వాడతారు, అది ఊళ్లలో అందరికీ తెలుసు. కాబట్టి మనిషికీ పనిచేస్తుందనుకుంటారు. బెజ్జంలోంచి లోపలికి పోసిన టర్పెంటైన్ చర్మాన్ని కాల్చి పుండు చేస్తుంది. పసుపు, సున్నం కలిపి పట్టు వేయడం వల్ల అంత హాని లేకపోయినా, బెజ్జం మీద అట్టకట్టి అసలు లక్షణాలు కనబడకుండా చేస్తుంది. సున్నం ఎక్కువైతే చర్మం కాలుతుంది కూడా.

నాలుగోది ఐవర్‌మెక్టిన్ అనే పురుగుల మందు మాత్రలు కొనుక్కుని మింగడం. కరోనా రోజుల నుంచీ ఈ పేరు అందరి నోటా ఉంది. ఈ జబ్బులో డాక్టర్లు కొన్ని సందర్భాల్లో దాన్ని వాడతారు, నిజమే. కానీ ఎప్పుడు, ఎంత అనేది మనిషిని చూసి, బరువు చూసి, పురుగు ఏదో తెలిశాకే తేల్చాలి. మందు వల్ల లోపలే చచ్చిన పురుగునూ మళ్లీ తీయవలసిందే. చీటీ లేకుండా నేను అది ఇవ్వను. ఎంత బతిమాలినా ఇవ్వకపోవడం మీ మంచికేనని నమ్మండి.

డాక్టరు దగ్గర ఏం చెప్పాలి, ఏం జరుగుతుంది

చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి వెళ్లండి. విజయవాడ, గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లోనూ, మంగళగిరి ఎయిమ్స్‌లోనూ చర్మవ్యాధుల విభాగాలు ఉన్నాయి. ప్రైవేటుగా చూపించుకుంటే విజయవాడలో సూర్యారావుపేట, గుంటూరులో కొత్తపేట వైపు డాక్టర్లు దొరుకుతారు. వెళ్లేటప్పుడు తేదీల కాగితం, వీడియో, పురుగు సీసా, యెల్లో ఫీవర్ టీకా కార్డు తీసుకెళ్లండి.

కూర్చోగానే ఇలా చెప్పండి: "నేను ఫలానా దేశంలో ఫలానా తేదీ దాకా ఉన్నాను. గడ్డ లేచి ఇన్ని రోజులైంది. మధ్యలో బెజ్జం ఉంది, రసి కారుతోంది, లోపల కదులుతోంది. మయాసిస్ ఏమో చూడండి." మయాసిస్ అంటే ఈగ పురుగులు ఒంట్లో చేరడం. ఆ ఒక్క మాట చెబితే చాలు, మిగతాది ఆయన చూసుకుంటారు. గడ్డ గురించి మాత్రమే చెప్పి ప్రయాణం మాట చివర్లో, గుమ్మం దగ్గర నిలబడి చెప్పేవారు చాలామంది ఉన్నారు. అప్పటికే చీటీ రాసేసి ఉంటారు.

డాక్టరు డెర్మోస్కోపుతో, అంటే చర్మాన్ని పెద్దదిగా చూపే పరికరంతో బెజ్జంలోకి చూస్తారు. అనుమానం ఉంటే చర్మం మీద అల్ట్రాసౌండ్ తీయిస్తారు. పురుగు బతికుంటే కదలిక అందులో కనబడుతుంది. తీయడానికి ముందు మత్తు ఇంజెక్షన్ ఇస్తారు. కొన్నిసార్లు ఆ మందును పురుగు కింద భాగంలోకి ఎక్కించగానే దాని ఒత్తిడికే పురుగు పైకి వస్తుంది. లేకపోతే బెజ్జాన్ని కొంచెం వెడల్పు చేసి తీస్తారు. చిన్న పనే, చాలామందికి ఆసుపత్రిలో చేరవలసిన అవసరం ఉండదు. బాట్ ఫ్లై పురుగు విషయంలో భయపడి వాయిదా వేయకండి. వారాలు గడిచేకొద్దీ అది 2 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, ముళ్లూ బలపడతాయి.

పూర్తిగా వచ్చిందా? ఇలా చూసుకోండి

పురుగును తెల్ల పళ్లెంలో పెట్టి చూడండి. పూర్తిగా ఎదిగిన టుంబు పురుగు 13 నుంచి 15 మిల్లీమీటర్ల పొడవుంటుంది. లేతదైతే ఇంకా చిన్నది. పొడవు కన్నా రెండు కొనలూ ఉన్నాయా అన్నది ముఖ్యం. ఒక కొన మొద్దుగా, రెండు నల్లచుక్కలతో ఉంటుంది. రెండో కొన సన్నగా ఉంటుంది, నోటి కొక్కేలు భూతద్దంలో నల్లగా కనబడతాయి. ఒక కొన చిరిగినట్టుగా, లోపలి పదార్థం కారుతూ ఉంటే ముక్క లోపల మిగిలింది. డాక్టరు దగ్గరికి వెళ్లండి, మీరు తవ్వవద్దు.

పొడుపు నొప్పి, కదలిక ఆ రోజే ఆగిపోవాలి. రసి రెండు మూడు రోజుల్లో ఆగాలి. ఒకటి రెండు వారాల్లో బెజ్జం పూడుకుంటుంది. నల్లమచ్చ కొన్నాళ్లు ఉంటుంది, అది మామూలే. రసి వారం దాటినా ఆగకపోయినా, గట్టిగా ఉండ కట్టినా, రాత్రి పొడుపు మళ్లీ మొదలైనా ముక్క మిగిలి ఉండాలి, లేదా పక్కనే మరో పురుగు ఉండాలి.

పొడిచినట్టు నొప్పి ఆగిన తర్వాత కూడా కొందరికి ఒంటి మీద ఏదో పాకుతున్నట్టు అనిపిస్తూ ఉంటుంది. పాపం, నిద్ర పట్టదు. నీటిచుక్క పరీక్ష రెండుసార్లు చేసి ఏమీ లేకపోతే లేనట్టే. గోళ్లతో గిల్లి కొత్త పుండ్లు చేసుకోవద్దు. ఇంట్లోవాళ్లు విసుక్కోకుండా ధైర్యం చెప్పండి.

తెచ్చిన బట్టలు, వెళ్లేవారి బట్టలు

ఆఫ్రికా నుంచి వచ్చిన సూట్‌కేసులోని బట్టలను నేరుగా కట్టుకోవద్దు, పసిపిల్ల ఉయ్యాలలో వేయవద్దు. గుడ్లలోంచి వచ్చిన పురుగు మనిషి దొరక్కపోయినా రెండు వారాల దాకా బతకగలదు. అన్నీ ఉతికి, బాగా వేడి ఇస్త్రీ చేయండి. ఇస్త్రీ అంటే పైపైన మడతలు పోయేలా కాదు. రెండు వైపులా, కుట్ల మీద, కాలరు కింద, లంగా నాడా గొట్టం, లోదుస్తుల ఎలాస్టిక్ మీద పెట్టె ఆనించి నిదానంగా జరపండి. ఈగ గుడ్లు ఆ మడతల్లోనే ఉంటాయి. బయట ఇస్త్రీ బండికి ఇస్తే చొక్కాలు, ప్యాంట్లు మాత్రమే చేస్తారు, లోదుస్తులు చేయరు. వాటిని ఇంట్లో మీరే చేయాలి. ఇస్త్రీకి ఆగని బట్టలను సంచిలో మూసి మూడు వారాలు పక్కన పెట్టండి.

అక్కడ ఉన్నప్పుడు బట్టలను గడ్డి మీద, పొదల మీద, చెట్టు నీడలో ఆరేయకండి. గదిలోపల, దోమతెర ఉన్న కిటికీ దగ్గర ఆరేయండి. వేడి గాలితో ఆరబెట్టే డ్రయ్యరు ఉంటే ఇంకా మంచిది. వానాకాలంలో మరింత జాగ్రత్త అవసరం. లుంగీ, తువ్వాలు, దుప్పటి, పిల్లల గుడ్డలు వీటికి మినహాయింపు కాదు. నేలమీద చాప లేకుండా పడుకోవద్దు. దోమతెర మలేరియా నుంచి కాపాడుతుంది గానీ బట్టల్లో ఉన్న పురుగును ఆపలేదు.

మధ్య, దక్షిణ అమెరికాలకు వెళ్లేవారికి ఇస్త్రీ వల్ల ప్రయోజనం లేదు. అక్కడ దోమకాటే దారి. నిండు చేతుల చొక్కా, టోపీ, డీట్ (DEET) అనే రసాయనం ఉన్న దోమల క్రీము వాడాలి. అడవి దారుల్లో నడిచేటప్పుడు మెడ వెనక, తలకట్టు అంచున కూడా రాయడం మరవద్దు.

ఆఫ్రికా నుంచి వచ్చి, బట్టలన్నీ ఇస్త్రీ చేసి, నాలుగు వారాలు గడిచినా కొత్త గడ్డ లేవకపోతే టుంబు ఈగ గురించి ఇక ఆలోచించనక్కరలేదు. మెక్సికో, మధ్య, దక్షిణ అమెరికాల నుంచి వచ్చినవారు మూడు నెలల దాకా తల దువ్వుకునేటప్పుడు వేళ్లతో తడిమి చూసుకోండి.